రైలు సిమ్యులేటర్ల భవిష్యత్తు, కొత్త తరం డిస్‌ప్లేలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రైలు సిమ్యులేటర్ల మీద ఆసక్తి ఉన్నవారిలో చాలామంది ఇప్పుడు ఒక సందిగ్ధంలో ఉన్నారు. కళ్ల ముందు తగిలించుకునే వీఆర్ (కృత్రిమ వాస్తవికత) హెడ్‌సెట్లు, ఓఎల్ఈడీ మానిటర్లు, కళ్లద్దాలు లేకుండా త్రీడీ చూపించే తెరలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. వాటిలో ఏవి నిజంగా రైలు నడిపే అనుభవానికి పనికొస్తాయో, వాటిని అందుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఎంతవరకు సిద్ధంగా ఉందో ఈ సమాధానాల్లో వివరించాము.

రైలు సిమ్యులేటర్‌కు తెర ఎంచుకోవడం మిగతా ఆటలకు ఎంచుకోవడం లాంటిదే కదా?

కాదు. కారు పందెంలో చూపు ఒక మలుపు నుంచి మరో మలుపుకు పరుగెడుతుంది. రైలు నడిపేవారి చూపు మాత్రం ఎక్కువ సేపు ఒకే చోట, రెండు పట్టాలూ కలిసిపోయినట్టు కనిపించే బిందువు దగ్గర నిలిచి ఉంటుంది. రైలు ఆగడానికి చాలా దూరం పట్టడమే దీనికి కారణం. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు సెకనులో 44 మీటర్లు దాటిపోతుంది. ప్రతి సెకనుకూ 0.7 మీటర్ల చొప్పున వేగాన్ని తగ్గించగల బ్రేకులు ఉన్నాయనుకున్నా, పూర్తిగా ఆగేసరికి సుమారు 1,400 మీటర్లు కావాలి. అందువల్ల కిలోమీటరు అవతల ఉన్న సిగ్నల్ ఏ రంగులో వెలుగుతోందో కనిపించడం ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన విషయం.

ఆ సిగ్నల్ తెర మీద ఎంత చోటు తీసుకుంటుందో లెక్క వేసి చూడండి. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న దీపం కిలోమీటరు దూరంలో ఉంటే, కంటి దగ్గర అది చేసే కోణం సుమారు 0.7 ఆర్క్ నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కంటే కూడా తక్కువ. 1920 పిక్సెళ్ల వెడల్పు ఉన్న సాధారణ మానిటర్ మీ చూపులో 60 డిగ్రీలు ఆక్రమించిందనుకుంటే, డిగ్రీకి 32 పిక్సెళ్లు వస్తాయి. ఒక్కో పిక్సెల్ దాదాపు 1.9 ఆర్క్ నిమిషాలు. ఆ సిగ్నల్ దీపం పిక్సెల్‌లో మూడో వంతు మాత్రమే అవుతుంది. అదే పరిమాణంలో 3840 పిక్సెళ్ల వెడల్పున్న 4కె మానిటర్ పెట్టుకుంటే డిగ్రీకి 64 పిక్సెళ్లు వస్తాయి కనుక దీపం ముప్పావు పిక్సెల్ దాకా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కన్ను ఒక ఆర్క్ నిమిషం వివరాన్ని, అంటే డిగ్రీకి 60 పిక్సెళ్లను గుర్తించగలదని అంటారు. ఆ లెక్కన 4కె మానిటర్ కంటి హద్దును చేరినట్టే.

అయితే నిజమైన పట్టాల మీద మన కన్ను దీపం ఆకారాన్ని చూడదు, దాని వెలుగును చూస్తుంది. కొలతలో ఎంత చిన్నదైనా చుట్టూ ఉన్న నేపథ్యం కంటే బాగా ప్రకాశిస్తే కనిపిస్తుంది. సాధారణ తెరకు అంత ప్రకాశం లేదు. అందుకే సాఫ్ట్‌వేర్ తయారీదారులు దూరంలో ఉన్న సిగ్నల్ చుట్టూ వెలుగు వలయాన్ని గీసి, దానిని కావాలనే పెద్దదిగా చూపిస్తుంటారు. రైలు సిమ్యులేటర్‌కు మంచి తెర ఏదని ఎవరైనా అడిగితే, ఈ కృత్రిమ వలయం అవసరాన్ని ఏది ఎక్కువగా తగ్గిస్తుందో అదే మంచిదని మేము చెబుతాము. తక్కిన కొలతలన్నీ ఆ తరువాతే.

ప్రస్తుతం ఉన్న రైలు సిమ్యులేటర్లు ఏ దశలో ఉన్నాయి?

ఇంటి కంప్యూటర్లలో ఈ రంగానికి 2001 కీలకమైన సంవత్సరం. బ్రిటన్‌కు చెందిన కుజు సంస్థ రూపొందించిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్, ఆస్ట్రేలియాకు చెందిన ఆరాన్ సంస్థ ట్రెయిన్జ్ రెండూ ఆ ఏడాదే వచ్చాయి. మైక్రోసాఫ్ట్ రెండో భాగాన్ని మొదలుపెట్టి, 2009లో దాన్ని తయారు చేస్తున్న స్టూడియోను మూసివేసింది. మొదటి భాగం కోసం ఔత్సాహికులు ఏళ్ల తరబడి తయారు చేసిన రూట్లు, ఇంజన్లు మాత్రం మూలన పడలేదు. వాటిని నడిపించేందుకు ఓపెన్ రైల్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు పుట్టింది, అది నేటికీ కొనసాగుతోంది.

కుజు 2007లో తెచ్చిన రైల్ సిమ్యులేటర్ వారసత్వమే నేడు డవ్‌టెయిల్ గేమ్స్ అందించే ట్రైన్ సిమ్యులేటర్ క్లాసిక్. అదే సంస్థ 2017 నుంచి అన్‌రియల్ ఇంజిన్ 4 అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్ మీద ట్రైన్ సిమ్ వరల్డ్‌ను నడుపుతోంది. జర్మన్ భద్రతా వ్యవస్థలను లోతుగా చూపించే జూసీ, అమెరికా గూడ్సు రైళ్లను పలువురు కలిసి నడిపే రన్8, పోలండ్ నుంచి వచ్చిన సిమ్‌రైల్, వీఆర్‌ను ఆదరించిన డీరైల్ వ్యాలీ ఎవరికి వారుగా తమ దారిలో సాగుతున్నాయి. ఈ రంగం ఒకే పెద్ద సంస్థ చేతిలో లేకపోవడం మంచిదే. కాకపోతే కొత్త డిస్‌ప్లేలకు మద్దతు కూడా అందరి దగ్గరా ఒకేలా లేదు.

ఖరీదైన కొత్త తెర కొంటే నా పాత సిమ్యులేటర్ అందంగా కనిపిస్తుందా?

కొంతవరకే. 1920×1080 తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటే 4కె తెరలో 83 లక్షలు ఉంటాయి. ఆ నాలుగింతల పనిని నేటి గ్రాఫిక్స్ కార్డు భరించగలదు. చిక్కు వేరే చోట ఉంది. పాత సిమ్యులేటర్లలో ప్రధానమైన పని అంతా ప్రాసెసర్‌లో ఒకే థ్రెడ్ మీద, అంటే ఒకదాని తరువాత ఒకటిగా ఒకే వరుసలో నడుస్తుంది. పట్టాల వెంట ఉండే చెట్లు, స్తంభాలు, కంచెలు, ఇళ్లు ఒక్కొక్కటీ గీయమని గ్రాఫిక్స్ కార్డుకు విడివిడిగా ఆదేశం వెళ్లాలి. పెద్ద స్టేషన్ దగ్గర పడేసరికి ఆ ఆదేశాలు వేలల్లోకి వెళ్లి, కార్డు ఖాళీగా ఉన్నా దృశ్యం తడబడుతుంది. తెర మార్చినందువల్ల ఈ తడబాటు పోదు. వీఆర్‌లో రెండు కళ్లకూ వేర్వేరు దృశ్యాలు కావాలి కనుక మరింత పెరుగుతుంది కూడా.

కంప్యూటర్ మెమరీ విషయం మరొకటి. 32 బిట్ల ప్రోగ్రాముకు 4 జీబీ మించి మెమరీ అందదు. డవ్‌టెయిల్ తన పాత సిమ్యులేటర్‌కు 2018లో 64 బిట్ల రూపం ఇచ్చాక, అంతకు ముందు పెద్ద రూట్లలో మధ్యలోనే మూతబడే సమస్య చాలావరకు తీరింది. ఇలాంటి మార్పులు ప్రకటనల్లో మెరవవు, కానీ కొత్త తెరకు దారి వేసేవి ఇవే.

పొడవైన రూటులో చాలా దూరం వెళ్లాక క్యాబ్‌లోని వస్తువులు సన్నగా వణుకుతున్నాయి. తెర లోపమా?

తెర లోపం కాదు, అంకెల లోపం. సిమ్యులేటర్లను నడిపే సాఫ్ట్‌వేర్ ఇంజిన్లలో చాలావరకు ప్రతి వస్తువు స్థానాన్ని 32 బిట్ల దశాంశ సంఖ్యగా దాచుకుంటాయి. కొలత మొదలయ్యే మూలబిందువు దగ్గర ఆ సంఖ్య చాలా సూక్ష్మంగా ఉంటుంది, దూరం పెరిగేకొద్దీ మోటుగా మారుతుంది. వంద కిలోమీటర్ల దూరంలో రెండు పక్క పక్క విలువల మధ్య తేడా దాదాపు 8 మిల్లీమీటర్లు. అంటే బ్రేకు హ్యాండిల్‌ను అంతకంటే సన్నగా కదిలించడం ఇంజిన్‌కు చేతకాదు. మామూలు మానిటర్ మీద ఇది కంటికి ఆనకపోవచ్చు కానీ, హెడ్‌సెట్‌లో ముఖానికి అర మీటరు దూరంలో ఉన్న గేజ్ వణికితే తల తిరుగుతుంది.

విమానం ఎంత దూరం వెళ్లినా పైలట్ దృష్టిలో నేల దూరంగానే ఉంటుంది. రైలు మాత్రం వందల కిలోమీటర్లు వెళుతూ అడుగు దూరంలో ఉన్న కంకరను కూడా చూపించాలి. ఈ సమస్య రైళ్లకు ప్రత్యేకంగా బాధ కలిగించేది అందుకే. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ ప్రపంచాన్ని 2,048 మీటర్ల చదరాలుగా విడగొట్టి, ఏ చదరంలో ఉన్నామో అక్కడి నుంచే కొలిచే పద్ధతి పాటించింది. ఇంకో పద్ధతిలో మూలబిందువునే రైలు వెంట జరుపుతూ పోతారు. 2022లో వచ్చిన అన్‌రియల్ ఇంజిన్ 5 పెద్ద ప్రపంచాల కోసం 64 బిట్ల సంఖ్యలను ప్రవేశపెట్టింది. రాబోయే సిమ్యులేటర్ల నుంచి దృశ్య వైభవం కంటే ముందు ఈ ఒక్క సంగతిని ఆశించడం న్యాయం.

వీఆర్ హెడ్‌సెట్లు రైలు నడపడానికి తగినంత స్పష్టంగా ఉన్నాయా?

పదేళ్లలో చాలా మెరుగయ్యాయి, అయినా మానిటర్‌ను ఇంకా అందుకోలేదు. 2016లో వచ్చిన ఆక్యులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్ ఒక్కో కంటికి 1080×1200 పిక్సెళ్లు ఇచ్చాయి. వాటిని విశాలమైన దృశ్యం మీద పరిస్తే డిగ్రీకి 12 దరిదాపులకు చేరేవి. 2023లో వచ్చిన మెటా క్వెస్ట్ 3లో కంటికి 2064×2208 పిక్సెళ్లు, డిగ్రీకి 25. ఫిన్లండ్‌కు చెందిన వార్యో సంస్థ 2019లోనే చూపు మధ్య భాగంలో డిగ్రీకి 60 పిక్సెళ్లు ఇచ్చే వీఆర్-1 హెడ్‌సెట్‌ను తెచ్చింది, కానీ అది పారిశ్రామిక శిక్షణ కోసం ఉద్దేశించినది.

ఈ అంకెలు క్యాబ్‌లో ఎలా అనుభవమవుతాయో చెప్పాలంటే యూరప్‌లోని ఈటీసీఎస్ వ్యవస్థ మంచి ఉదాహరణ. దాని రెండో స్థాయిలో పట్టాల పక్కన రంగు సిగ్నళ్లు లేకుండానే రైళ్లను నడపవచ్చు. ఎంత వేగంతో ఎంత దూరం వెళ్లవచ్చన్న అనుమతి రేడియో ద్వారా వచ్చి, డ్రైవరు ముందున్న చిన్న తెర మీద కనిపిస్తుంది. ఆ తెర మీద 5 మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరాన్ని 70 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే అది 0.4 డిగ్రీలు ఉంటుంది. 2016 నాటి హెడ్‌సెట్‌లో ఆ అక్షరానికి అయిదు పిక్సెళ్ల ఎత్తు దక్కేది, చదవాలంటే ముందుకు వంగక తప్పేది కాదు. క్వెస్ట్ 3లో పది పిక్సెళ్లు దక్కుతాయి, కూర్చున్న చోటి నుంచే చదవవచ్చు. డిగ్రీకి 60 అయితే 24 పిక్సెళ్లు, అంటే అచ్చులో చదివినంత హాయి. నిజమైన రైళ్ల క్యాబ్‌లే తెరల మయమవుతున్న ఈ కాలంలో, హెడ్‌సెట్‌లో చిన్న అక్షరం చదవగలగడం దూరపు సిగ్నల్ చూడగలగడంతో సమానమైన అవసరంగా మారింది.

క్యాబ్ కిటికీలోంచి తల బయటికి పెట్టి ప్లాట్‌ఫారం చివరను చూసుకోవడం, వెనక్కి తిరిగి బోగీలను గమనిస్తూ షంటింగ్ (బోగీలను జరిపి కలపడం, విడదీయడం) చేయడం, బఫర్లు ఆనుకోబోయే ఆఖరి మీటరును లోతు తెలిసేలా అంచనా వేయడం లాంటి పనుల్లో మాత్రం ఏ మానిటరూ వీఆర్‌కు సాటి రాదు. డీరైల్ వ్యాలీలో షంటింగ్ చేసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

వీఆర్‌లో రైలు నడిపితే తల తిరగడం, వికారం ఉంటాయా?

మిగతా వాహనాలతో పోలిస్తే రైలులో తక్కువ. రైలు వేగం మెల్లగా పెరుగుతుంది, మెల్లగా తగ్గుతుంది, మలుపులు విశాలంగా ఉంటాయి. పైగా మీరు కూర్చుని ఉంటారు, చుట్టూ క్యాబ్ చట్రం కదలకుండా నిలిచి ఉంటుంది. కళ్లకు అలాంటి స్థిరమైన ఆధారం ఉంటే, చెవి లోపలి సమతుల్య వ్యవస్థకూ కంటికీ మధ్య తలెత్తే వైరుధ్యం తగ్గుతుంది. కష్టం కలిగించేవి రెండు: రైలు బయట గాలిలో ఎగిరే కెమెరా, పక్క కిటికీలోంచి దగ్గరి వస్తువులను అదే పనిగా చూడడం. కొత్తవారు మొదట్లో ఈ రెండింటికీ దూరంగా ఉండి, క్యాబ్‌లోనే కొద్దిసేపు నడిపి ఆపడం మంచిది. వికారం మొదలయ్యాక ఓర్చుకుని కొనసాగించడం వల్ల అలవాటు కాదు, విముఖత పెరుగుతుంది.

హెడ్‌సెట్‌లో చాలా సేపు నడిపితే కళ్లు అలసిపోతాయి. రాబోయే తరాలలో ఇది పోతుందా?

దీనికి మూలం కటకాల అమరికలో ఉంది. నేటి హెడ్‌సెట్లలో దాదాపు అన్నీ దృశ్యాన్ని ఒకే నిర్ణీత దూరంలో, సాధారణంగా మీటరు నుంచి రెండు మీటర్ల మధ్య కేంద్రీకరిస్తాయి. రెండు కళ్లూ ఒకే బిందువు వైపు తిరగడం మాత్రం వస్తువు ఉన్న దూరాన్ని బట్టి జరుగుతుంది. ఈ రెండింటికీ పొంతన లేనప్పుడు కన్ను శ్రమిస్తుంది. రైలు డ్రైవరు చూపు ఏ మధ్య దూరంలోనూ నిలవదు. ఒకసారి అనంతంలో ఉన్నట్టుండే పట్టాల మీదికి, మరుక్షణం అర మీటరు దూరంలో ఉన్న స్పీడోమీటర్ మీదికి వెళ్లి వస్తుంటుంది. కన్ను ఎటు చూస్తోందో కనిపెట్టి కటకం దూరాన్ని మార్చే నమూనాలు పరిశోధనశాలల్లో తయారయ్యాయి. అవి మార్కెట్‌లోకి వచ్చేదాకా మధ్య మధ్య విరామం తీసుకోవడం తప్ప దీనికి మరో దారి లేదు.

చూపును అనుసరించి చిత్రాన్ని గీసే పద్ధతి గురించి చాలా వింటున్నాము. రైళ్లకు అదెంత ఉపయోగం?

చాలా ఉపయోగం. కంటి మధ్య భాగానికే సూక్ష్మ వివరాలు అందుతాయి, చుట్టుపక్కల కనిపించేది మసకగానే ఉంటుంది. ఫోవియేటెడ్ రెండరింగ్ అనే ఈ పద్ధతిలో, హెడ్‌సెట్ లోపలి కెమెరాలు కనుపాపలను గమనిస్తూ, చూస్తున్న చోట మాత్రమే పూర్తి వివరాలతో గీయిస్తాయి. 2023లో వచ్చిన ప్లేస్టేషన్ వీఆర్2లోనూ, 2024లో వచ్చిన ఆపిల్ విజన్ ప్రోలోనూ ఈ ఏర్పాటు ఉంది. రైలు నడిపేటప్పుడు చూపు ఎక్కువ సేపు ముందున్న చిన్న ప్రాంతంలోనే ఉంటుంది కనుక, ఆదా అయిన శక్తిని దూరపు సిగ్నళ్ల స్పష్టతకు మళ్లించవచ్చు. అయితే సిమ్యులేటర్ ఇంజిన్ ఇందుకు సహకరించాలి. పైగా ఈ ఆదా గ్రాఫిక్స్ కార్డుకే గాని, పైన చెప్పిన ప్రాసెసర్ ఇబ్బందికి కాదు. ఒకే థ్రెడ్ మీద నలిగిపోతున్న సిమ్యులేటర్‌కు దీనివల్ల ఒరిగేది స్వల్పమే.

ఓఎల్ఈడీ, హెచ్‌డీఆర్ (గొప్ప వెలుగు, దట్టమైన చీకటి రెండూ చూపే) మానిటర్ల వల్ల నిజంగా తేడా ఉంటుందా?

రాత్రి రైలు నడిపేవారికి చాలా ఎక్కువగా ఉంటుంది. మామూలు ఎల్‌సీడీ తెరలో వెనుక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉండడం వల్ల చీకటి బూడిద రంగులో కనిపిస్తుంది. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్ తనకు తానే వెలుగుతుంది, అవసరం లేనప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. దట్టమైన చీకటిలో ఒంటరిగా వెలిగే ఎరుపు సిగ్నల్, సొరంగం చివర కనిపించే పగటి వెలుగు, తడి ప్లాట్‌ఫారం మీద దీపాల ప్రతిబింబం ఈ తెర మీద చూసినప్పుడు, మొదటి ప్రశ్నలో చెప్పిన కృత్రిమ వలయం అవసరం ఎంత తగ్గుతుందో అర్థమవుతుంది. మినీ ఎల్ఈడీ తెరలు వెనుక దీపాన్ని వందల గడులుగా విడగొట్టి పగటి దృశ్యాల్లో గొప్ప ప్రకాశం ఇస్తాయి కానీ, చీకట్లో చిన్న దీపం చుట్టూ గడి మొత్తం వెలగడం వల్ల పొగమంచు లాంటి పొర కనిపిస్తుంది. రైళ్ల విషయంలో మా మొగ్గు ఓఎల్ఈడీ వైపే.

ఒక జాగ్రత్త అవసరం. ఓఎల్ఈడీలో ఒకే బొమ్మ గంటల తరబడి ఒకే చోట ఉంటే దాని ముద్ర తెర మీద శాశ్వతంగా నిలిచిపోయే ప్రమాదం ఉంది. రైలు సిమ్యులేటర్‌లో క్యాబ్ చట్రం, మూలన ఉండే వేగసూచిక, పనుల జాబితా సరిగ్గా అలాంటివే. తెర మీద అదనపు సూచికలను తీసివేసి క్యాబ్‌లోని గేజ్‌లనే చదవడం అలవాటు చేసుకుంటే తెరకూ మేలు, నడిపే నైపుణ్యానికీ మేలు.

సెకనుకు 120 లేదా 240 ఫ్రేములు రైలుకు అనవసరం కదా?

ముందుకు చూసినంత సేపూ అనవసరమే అనవచ్చు. పట్టాలు కలిసే బిందువు తెర మీద దాదాపు కదలదు. పక్క కిటికీలోంచి చూడండి, లెక్క తారుమారవుతుంది. గంటకు 160 కిలోమీటర్ల వేగంలో, 10 మీటర్ల దూరాన ఉన్న స్తంభం మీ ముందు నుంచి సెకనుకు 250 డిగ్రీలకు పైగా కోణీయ వేగంతో దాటుతుంది. డిగ్రీకి 32 పిక్సెళ్ల తెర మీద, 60 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 60 ఫ్రేముల దగ్గర, అది ఒక్కో ఫ్రేముకు 136 పిక్సెళ్లు గెంతుతుంది. స్తంభం ఒకటే అయినా పలు నీడలుగా కనిపించేది అందుకే. 240 హెర్ట్జ్ దగ్గర ఆ గెంతు 34 పిక్సెళ్లకు తగ్గుతుంది. ప్రయాణికుడిగా కిటికీ పక్కన కూర్చునే సరదా ఉన్నవారికి ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

రెండు అసలు ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేమును ఊహించి చొప్పించే పద్ధతి గ్రాఫిక్స్ కార్డుల సంస్థ ఎన్‌విడియా తెచ్చిన డీఎల్ఎస్ఎస్ 3 సాంకేతికతతో 2022లో వచ్చింది. దీనివల్ల స్పందన కొంత ఆలస్యమైనా, బ్రేకు వేశాక సెకన్ల తరువాత ఫలితం చూపే రైలులో అది పెద్ద ఇబ్బంది కాదు. ప్రాసెసర్ వల్ల కుంటుపడే సిమ్యులేటర్లకు ఈ పద్ధతి బాగా కలిసివస్తుంది. కంచెలు, కరెంటు తీగలు లాంటి సన్నని గీతల దగ్గర మాత్రం అప్పుడప్పుడు చిత్రం చెదురుతుంది.

ఒకే వెడల్పాటి తెర మంచిదా, మూడు మానిటర్లు మంచివా?

ముందు దృశ్యం చాలనుకునేవారికి 32:9 నిష్పత్తిలో ఉండే వంపు తెర సుఖం. మూడు మానిటర్లు పెట్టాలంటే, పక్క తెరలకు వాటి కోణానికి తగ్గట్టు విడిగా దృశ్యాన్ని లెక్కించే సిమ్యులేటర్ ఉండాలి. లేకపోతే అంచులు సాగిపోయి పక్క ట్రాకు మీది రైలు రబ్బరులా కనిపిస్తుంది. ఏ తెర అయినా, సాఫ్ట్‌వేర్‌లోని దృశ్య కోణాన్ని తెర వెడల్పుకు, మీరు కూర్చునే దూరానికి సరిపోయేలా అమర్చుకోండి. కోణం ఎక్కువ పెడితే వేగం ఎక్కువగా అనిపిస్తుంది కానీ, సిగ్నళ్లు ఉండాల్సిన దానికంటే చిన్నవైపోతాయి.

నిజమైన వీడియోతో నడిచే సిమ్యులేటర్ల సంగతేమిటి?

జపాన్‌లో ఈ సంప్రదాయం పాతది. క్యాబ్ నుంచి చిత్రీకరించిన వీడియోను రైలు వేగానికి తగినట్టు వేగంగా, నెమ్మదిగా ఆడిస్తారు. ఒంగాకుకాన్ సంస్థ 1990ల నుంచి ఈ పద్ధతిలో ఆటలు, శిక్షణ పరికరాలు కూడా చేస్తోంది. జేఆర్ ఈస్ట్ రైల్వే సంస్థ 2022లో అలాంటి సిమ్యులేటర్‌ను స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది. పెద్ద 4కె తెర మీద దాని సహజత్వం కంప్యూటర్ గీసిన ఏ దృశ్యానికీ రాదు. కాకపోతే వీడియో తీసిన రోజున ఎండ ఉంటే ఎప్పుడూ ఎండే. తల పక్కకు జరిపితే దృశ్యం మారదు కనుక వీఆర్‌కు అసలు పొసగదు.

కృత్రిమ మేధ రూట్లను తనంతట తానే తయారు చేసే రోజు వస్తుందా?

దృశ్యం వరకు చాలా త్వరగా వస్తుందని మా నమ్మకం. 2023లో వెలువడిన గాసియన్ స్ప్లాటింగ్ పద్ధతిలో, సాధారణ ఫోటోల నుంచి ఒక ప్రదేశాన్ని లక్షలాది మెత్తని రంగు చుక్కలుగా మలచి, ఏ కోణం నుంచైనా వేగంగా చూపించవచ్చు. వీడియో సహజత్వం, త్రీడీ స్వేచ్ఛ రెండూ కలిసి రావడం ఇందులోని ఆకర్షణ. ఫోటో తీసినప్పటి వెలుగు ఆ చుక్కల్లో అతుక్కుపోయి ఉండడం ప్రస్తుత ఇబ్బంది. పగలు తీసిన దాన్ని రాత్రిగా, వానగా మార్చడం మీద ఇంకా పరిశోధన జరుగుతోంది.

రూటు అంటే దృశ్యం ఒక్కటే కాదు. వెయ్యి మీటర్లకు ఎన్ని మీటర్ల ఎత్తు పెరుగుతుంది, ఏ మలుపులో వేగ పరిమితి ఎంత, ఏ సిగ్నల్ ఏ పాయింట్లను (పట్టాలు దారి మారే చోట్లను) కాపాడుతోంది అన్నవి ఖచ్చితంగా ఉండాలి. 2000 సంవత్సరంలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో సేకరించిన ఎత్తుల సమాచారాన్ని రూట్ల తయారీదారులు విరివిగా వాడుతున్నారు. దానిలో 30 మీటర్లకు ఒక కొలత మాత్రమే ఉంటుంది. రైలు గట్టు, కొండను తవ్విన కోత దాని కంటికి ఆనవు. ఒక మీటరు సూక్ష్మతతో లేజర్ సర్వేలు ఉన్న దేశాల్లో ఈ కొరత తీరుతోంది. నమ్మశక్యంగా కనిపించే వాలును ఊహించి పెట్టే యంత్రం కంటే, పాత వాలు పట్టికను ముందు పెట్టుకుని ఒక్కొక్క కిలోమీటరూ సరిచూసే ఔత్సాహికుడి పని విలువైనది. యంత్రం చెట్లను నాటాలి, పట్టాలను మనిషి పరవాలి.

రైల్వే సంస్థలు శిక్షణకు వాడే సిమ్యులేటర్లలోకి ఈ డిస్‌ప్లేలు వస్తున్నాయా?

వస్తున్నాయి, నెమ్మదిగా. ఫ్రాన్స్‌కు చెందిన కోరిస్, స్పెయిన్‌కు చెందిన లాండర్ లాంటి సంస్థలు తయారు చేసే పూర్తి స్థాయి సిమ్యులేటర్లలో అసలైన క్యాబ్ నమూనా, దాని ముందు పెద్ద తెర ఉంటాయి. అక్కడ చేతికి తగిలే మీటలు, సీటు కదలిక తెరతో సమానంగా ముఖ్యం. కప్లింగ్ వేయడం, బోగీ కింద తనిఖీ, పాయింట్లు వైఫల్యం చెందినప్పుడు ట్రాకు మీద నడిచి చేయాల్సిన పనులు లాంటి వాటికి మాత్రం హెడ్‌సెట్ అనువైనది.

హెడ్‌సెట్ పెట్టుకుంటే చేతి కింద ఉన్న నిజమైన కంట్రోలర్ కనిపించదు. దీనికి పరిష్కారం ఉందా?

బయటి కెమెరాల ద్వారా గదిని రంగుల్లో చూపించే హెడ్‌సెట్లు ఇందుకు దారి చూపిస్తున్నాయి. రెయిల్‌డ్రైవర్ లాంటి మీటల పెట్టె ఉన్న చోట ఒక కిటికీ తెరిచి, మిగతా చోటంతా సిమ్యులేటర్ క్యాబ్‌ను చూపించడం సాంకేతికంగా సాధ్యమే. తమ ఇంటి బల్ల మీద క్యాబ్ కట్టుకున్న ఔత్సాహికులకు ఇది వరం. సిమ్యులేటర్ తయారీదారులు క్యాబ్‌లోని ప్రతి మీట విలువను బయటి పరికరాలు చదవడానికి, రాయడానికి వీలు కల్పిస్తేనే ఇది పూర్తిగా ఫలిస్తుంది.

ఇప్పుడు కొన్న హెడ్‌సెట్ కొన్నేళ్లకు పనికిరాకుండా పోతుందా?

ఆ భయం నిరాధారమైనది కాదు. 2020లో వచ్చిన హెచ్‌పీ రివర్బ్ జీ2 కంటికి 2160×2160 పిక్సెళ్లతో సిమ్యులేటర్ అభిమానుల ఆదరణ పొందింది. అది ఆధారపడిన విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ అనే హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌ను మైక్రోసాఫ్ట్ 2024 నాటి విండోస్ 11 24హెచ్2 నుంచి తొలగించింది. తెర బాగున్నా, కటకాలు బాగున్నా, ఆపరేటింగ్ సిస్టం నవీకరించిన వారికి అధికారిక మద్దతు పోయింది. వేలాది మంది దగ్గర చక్కగా పనిచేస్తున్న పరికరాన్ని ఇలా వదిలేయడం అన్యాయమని మేము గట్టిగా భావిస్తున్నాము.

క్రోనోస్ గ్రూప్ 2019లో విడుదల చేసిన ఓపెన్‌ఎక్స్ఆర్ ప్రమాణం వల్ల, సిమ్యులేటర్ ఒకసారి దానికి అనుగుణంగా రాస్తే వివిధ తయారీదారుల హెడ్‌సెట్లతో పనిచేస్తుంది. కొనేముందు సిమ్యులేటర్, హెడ్‌సెట్ రెండూ ఈ ప్రమాణాన్ని పాటిస్తున్నాయో లేదో చూసుకోండి. ఇరవై ఏళ్ల నాటి రూట్లు ఓపెన్ రైల్స్‌లో ఇవాళ నడుస్తున్నాయంటే, వాటి ఫైళ్ల నిర్మాణం అందరికీ అర్థమయ్యే రీతిలో ఉండడమే కారణం. డిస్‌ప్లేల విషయంలోనూ అదే మన్నిక కావాలని వినియోగదారులు పట్టుబట్టాలి.

కళ్లద్దాలు లేకుండా త్రీడీ చూపించే మానిటర్ల కోసం ఎదురుచూడవచ్చా?

ఎదురుచూడనక్కర్లేదు. తెర మీద సన్నని కటకాల వరుస, కళ్లను గమనించే కెమెరాలతో ఇవి ఇప్పటికే అమ్మకానికి ఉన్నాయి. శాంసంగ్ 2025లో ఒడిస్సీ 3డి పేరుతో ఒకటి తెచ్చింది. క్యాబ్ లోతు తెలియడం బాగుంటుంది. అయితే రెండు కళ్ల మధ్య తేడాతో తెలిసే లోతు దగ్గరి వస్తువులకే బలంగా ఉంటుంది, కిలోమీటరు దూరంలోని సిగ్నల్‌కు అది ఏమీ చేయలేదు. పైగా తెరలోని పిక్సెళ్లను రెండు కళ్లకూ పంచడం వల్ల స్పష్టత తగ్గుతుంది.

నేను చూపు కోసం కళ్లద్దాలు వాడతాను. హెడ్‌సెట్ కొనవచ్చా?

కొనవచ్చు. హెడ్‌సెట్ కటకాలకు మీ కళ్లద్దాలు రాసుకుంటే రెండింటి మీదా గీతలు పడతాయి కనుక, మీ పవరుకు తగినట్టు చేసే అదనపు కటకాలను లోపల అమర్చుకోవడం మేలు. దృశ్యం మీటరు పైబడిన దూరంలో కేంద్రీకృతమై ఉంటుంది కాబట్టి దూరపు చూపు పవరే తీసుకోవాలి, చదవడానికి వాడే పవరు కాదు. రెండు కనుపాపల మధ్య దూరాన్ని కళ్లద్దాల దుకాణంలో కొలిపించుకుని, హెడ్‌సెట్‌లో ఆ అమరిక సాధ్యమో కాదో ముందే తెలుసుకోండి. పక్కన పెట్టేటప్పుడు కటకాల మీద ఎండ పడనీయకండి. అవి సూర్యకాంతిని కేంద్రీకరించి లోపలి తెరను క్షణాల్లో కాల్చేస్తాయి.